పైపులో మిగిలిన నీళ్లు

డిసెంబరు చలిలో ఓ తెల్లవారుజామున, వనస్థలిపురంలో మా అక్కావాళ్ల ఫ్లాటులో బావగారు స్నానానికి వెళ్లారు. వాళ్ల గ్యాస్ గీజరు వెనక బాల్కనీలో ఉంటుంది. బాత్‌రూమేమో హాలుకి అవతలి పక్కన. వేడి పెంచాలన్నా తగ్గించాలన్నా గీజరుకున్న మీటే దిక్కు. అందుకని ఒకరు లోపల తడుస్తుంటే ఇంకొకరు బయట మీట దగ్గర కాపలా ఉండాలి. ఆ పూట కాపలా నాది.

"చల్లగా వస్తున్నాయిరా!" అని కేక. మీట కాస్త తిప్పాను. "ఇంకా చల్లగానే ఉన్నాయి!" ఇంకాస్త తిప్పాను. "అసలక్కడ ఉన్నావా?" ఈసారి చివరికంటా తిప్పేశాను. ఒక పది సెకన్లు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత వచ్చిన కేక కింది అంతస్తు వాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. "ఉడకబెట్టేస్తావా ఏంట్రా నన్ను!" హడలిపోయి మీటను వెనక్కి మొదటికంటా తిప్పాను. "తగ్గించాను బావా, తగ్గించాను!" తగ్గించిన మాట నిజమే, కానీ కేకలు ఆగలేదు. అవి ఆగేసరికి మళ్లీ చల్లనీళ్లు మొదలయ్యాయి.

అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "ఒక్కసారి తిప్పి చేతులు కట్టుకుని నించో, అదే వస్తుంది" అంది.

తర్వాత తీరిగ్గా కూర్చుని లెక్కేశాను. గీజరు నుంచి షవరు దాకా ముప్ఫై అడుగుల అరంగుళం పైపు అనుకుంటే, అందులో లీటరు మీద మరికాస్త నీళ్లు పడతాయి. నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున వస్తుంటే, నేను మీట తిప్పిన సంగతి బావగారి వీపుకి తెలియడానికి 17 సెకన్లు పడుతుంది. ఆ 17 సెకన్లూ ఆయన మీద పడేవి అంతకుముందే పైపులోకి ఎక్కిన నీళ్లు. నేను మీట తిప్పుతున్నది ఇప్పటి కేక విని. ఆ కేకకి కారణమైన నీళ్లు ఎప్పుడో బయల్దేరాయి.

శాస్త్రవేత్తలు "స్థితి" అనే మాటని ఒక ప్రత్యేకమైన అర్థంలో వాడతారు. ఇకమీదట ఏం జరగబోతోందో చెప్పడానికి ఈ క్షణాన తెలిసి ఉండాల్సినదంతా స్థితే. మీట ఎక్కడుందో నాకు తెలుసు. ఒంటిమీద ఎంత వేడి పడుతోందో బావగారికి తెలుసు. మా ఇద్దరికీ తెలిసింది కలిపినా రాబోయే 17 సెకన్ల సంగతి చెప్పలేం. దానికి పైపులో జానెడు జానెడుకీ నీళ్లెంత వేడిగా ఉన్నాయో తెలియాలి. అది గోడలో ఉంది. గణితంలో ఆలస్యాన్నీ, కంటికి కనబడని స్థితినీ వేర్వేరు అధ్యాయాల్లో చెబుతారు గానీ, రెండూ ఒకే వస్తువుకి రెండు పేర్లని నాకు ఆ పైపు దగ్గర అర్థమైంది. ఎక్కడ ఆలస్యం ఉందో అక్కడ ఏదో ఒక పైపు ఉంటుంది, అందులో ఏదో నిండి ఉంటుంది.

ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఎ.జె. నికల్సన్ అనే కీటక శాస్త్రవేత్త గొర్రెల ఒంటిమీద గుడ్లు పెట్టి వాటిని చంపేసే ఒక జాతి ఈగల్ని పెంచాడు. వాటిని బోనుల్లో ఉంచి, పెద్ద ఈగలకి రోజూ అర గ్రాము రుబ్బిన కాలేయం పెట్టేవాడు. చక్కెర, నీళ్లు కావలసినన్ని. పిల్లపురుగులకి మాత్రం ఎంత తింటే అంత తిండి. రోజూ ఒకే కొలత, ఒకే గది, ఒకే వెచ్చదనం. ఇలాంటి చోట ఈగల సంఖ్య ఒక దగ్గర కుదురుకోవాలి కదా. కుదురుకోలేదు. వేలకి పెరగడం, దాదాపు అడుగంటడం, మళ్లీ వేలకి పెరగడం. ఒక్కో చక్రానికి 35 నుంచి 40 రోజులు. ఇది ఏడాదికి పైగా సాగింది. 1954లో ఆయన అచ్చువేసిన ఆ గ్రాఫు ఇప్పటికీ జీవావరణ శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది.

జరిగింది ఇదీ. ఆడ ఈగ గుడ్లు పెట్టాలంటే మాంసకృత్తులు కావాలి. బోనులో ఈగలు కిక్కిరిసి ఉన్నప్పుడు ఆ అర గ్రాము ఎవరికీ చాలదు, కాబట్టి గుడ్లు ఉండవు. కానీ అంతకుముందు పెట్టిన గుడ్లు, పురుగులు, గూడు కట్టుకున్న ప్యూపాలు వరుసలో ఉన్నాయి. అవి రోజూ ఈగలై బయటికి వస్తూనే ఉంటాయి. తిండి లేని చోటికి ఇంకా నోళ్లు చేరుతూనే ఉంటాయి. చివరికి ముసలి ఈగలు చచ్చి బోను ఖాళీ అయినప్పుడు మిగిలిన కొద్దిమందికి కాలేయం విందుభోజనమే. విపరీతంగా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఈగలయ్యేందుకు రెండు వారాలు పడుతుంది. ఈ రెండు వారాలూ బోనులో ఈగలు తక్కువగానే కనిపిస్తాయి కాబట్టి, ఉన్నవి పెడుతూనే పోతాయి. నికల్సన్ ఈగల్ని లెక్కపెట్టాడు. అసలు కథ పురుగుల పళ్లెంలో ఉంది.

రాబర్ట్ మే అనే భౌతిక శాస్త్రవేత్త తర్వాత జీవావరణం వైపు మళ్లి, 1970ల్లో ఈ ఈగల గ్రాఫు పక్కన ఒక చిన్న సమీకరణాన్ని పెట్టి చూపించాడు. అది 1948లో జి. ఎవెలిన్ హచిన్సన్ రాసింది. జనాభా పెరుగుదలకి పగ్గం వేసేది ఇప్పటి రద్దీ కాదు, కొన్నాళ్ల కిందటి రద్దీ అని చెప్పడమే అందులోని కొత్తదనం. ఆ సమీకరణం చెప్పేది భలే తేలిక. పెరుగుదల వేగాన్ని ఆలస్యంతో గుణించండి. వచ్చిన సంఖ్య బాగా చిన్నదైతే జనాభా మెల్లగా వెళ్లి ఒకచోట నిలుస్తుంది. కాస్త పెద్దదైతే ఊగి ఊగి నిలుస్తుంది. 1.57 దాటిందంటే ఇక నిలవదు, ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. ఊగే చక్రం నిడివి ఆలస్యానికి సుమారు నాలుగు రెట్లు. అసలు ఈగలు ఇంత సరళంగా ఉండవనుకోండి, వాటి చక్రం ఆలస్యానికి మూడింతల లోపే ఉంది. కానీ మా బావగారి లెక్క చూసుకుంటే 17ని నాలుగుతో గుణిస్తే 68 సెకన్లు. ఆ రోజు గడియారం చూడలేదు గానీ, అటూ ఇటూగా నిమిషానికో కేక వినబడినట్టే గుర్తు.

అక్క సలహాలో ఉన్నదీ ఆ గుణకారమే. పైపు పొడవుని మనం మార్చలేం, అది గోడలో ఉంది. మార్చగలిగింది చేతివాటాన్ని. చెయ్యి నెమ్మదిస్తే 1.57 లోపలికి వచ్చేస్తాం.

రైతులకి ఇది చెప్పినంత తేలిక కాదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటినప్పుడు ఎవరి చేతివాటం నెమ్మదిస్తుంది? నారు పోసిన దగ్గర్నుంచి మొదటి కోత దాకా రెండున్నర, మూడు నెలలు. ఆ మధ్యకాలంలో పక్క మండలంలో, పక్క జిల్లాలో, పక్క రాష్ట్రంలో ఎన్ని ఎకరాల్లో నాట్లు పడ్డాయో ధరల బోర్డు మీద ఉండదు. బోర్డు మీద ఉన్నది మూడు నెలల కిందటి నాట్ల తాలూకు ధర. సెప్టెంబరుకల్లా అది కుప్పకూలింది. ఆర్థికవేత్తలు దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు, గ్రాఫు గీస్తే గీతలు సాలెగూడులా చుట్టుకుంటాయని. 1934లో నికలస్ కాల్డార్ ఆ పేరు పెట్టాడు. పేరు బాగుంది, అందులో చిక్కుకునేది ఎవరో కూడా ఆ పేరే చెబుతోంది.

మనిషి ఒంట్లోనూ ఇలాంటి పైపులున్నాయి. డబ్లిన్‌లో జాన్ చేన్ 1818లోనూ, విలియం స్టోక్స్ 1854లోనూ గుండెజబ్బు రోగుల్లో ఒక విచిత్రమైన శ్వాసని వర్ణించారు. ఊపిరి క్రమంగా లోతవుతుంది, ఆయాసంలా పెరుగుతుంది, ఆ తర్వాత సన్నగిల్లి కొద్దిసేపు ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకి గుండె జారిపోతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడు ఎంతుందో మెదడు కనిపెట్టి ఊపిరి వేగాన్ని సర్దుతుంటుంది. గుండె బలహీనపడితే ఊపిరితిత్తుల దగ్గర బాగుపడిన రక్తం మెదడు దాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. మెదడు వింటున్నది పాత కబురు. పైగా ఆ శ్వాస చక్రం కూడా రమారమి నిమిషమే.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ మాకీ, లియోన్ గ్లాస్ 1977లో ఈ శ్వాసతో పాటు రక్తకణాల తయారీని కూడా ఇదే చూపుతో చూశారు. రక్తంలో తెల్లకణాలు తగ్గితే ఎముక మూలుగకి కబురు వెళ్తుంది. మూలుగ పని మొదలుపెడుతుంది, కానీ కణం పక్వానికి వచ్చి రక్తంలోకి దిగేందుకు రోజులు పడుతుంది. కొందరిలో పుట్టుకతో వచ్చే ఒక జబ్బు వల్ల 21 రోజులకోసారి ఒక రకం తెల్లకణాలు దాదాపు మాయమైపోతాయి. జ్వరం, నోట్లో పుళ్లు వస్తాయి. నాలుగైదు రోజులకి కణాలు తిరిగొస్తాయి, మళ్లీ మూడు వారాలకి అదే పాట. మాకీ, గ్లాస్‌ల సమీకరణంలో ఇంకో వింత ఉంది. ఆలస్యాన్ని మరికాస్త పెంచితే ఊగులాటకి క్రమం కూడా పోతుంది. ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేని కేయాస్ వస్తుంది. బయటి నుంచి ఎవరూ ఏ అల్లరీ చెయ్యలేదు. ఒక్క సమీకరణం, ఒక్క ఆలస్యం, అంతే.

ఇంతవరకూ చెప్పినవాటిలో పైపు ఎక్కడుందో మనకి తెలుసు. గోడలోనో, పురుగుల పళ్లెంలోనో, మూలుగలోనో. అసలు పైపు ఉందన్న సంగతే తెలియకపోతే?

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఆ దోమ నాలుగు రోజుల ముందు, ఆగస్టు 16న, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టింది. కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చేవాడు. దోమ పొట్టగోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు ఇంకో దోమని కోస్తే అవే కణాలు మరికాస్త పెద్దవై ఉన్నాయి. అంటే అవి ప్రాణమున్నవి, పెరుగుతున్నవి. దోమలన్నింటినీ మొదటి రోజే కోసేసి ఉంటే రాస్‌కి ఏమీ కనిపించేది కాదు. ఆ ఓపిక విలువ 1902లో నోబెల్ బహుమతి. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

దోమలో పరాన్నజీవి ఏం చేస్తుందో ఆ తర్వాతి ఏడాదికల్లా తేలింది. పొట్టలో పెరిగి, పగిలి, లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. దోమ కుట్టినప్పుడు మనిషిలోకి దిగుతుంది. సరే, ఆ తర్వాత? కుట్టిన రోజు నుంచి జ్వరం వచ్చే రోజుకి పది పదిహేను రోజుల ఎడం. ఈ మధ్యలో రక్తాన్ని ఎంత వెతికినా పరాన్నజీవి జాడ లేదు. 1903లో ఫ్రిట్జ్ షౌడిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, దోమ వదిలిన సూక్ష్మజీవి నేరుగా ఎర్రరక్తకణంలో దూరడం తాను కళ్లారా చూశానని రాశాడు. మహా పేరున్న మనిషి. ఆయన చూశానన్నాక ఇంకెక్కడా వెతకాల్సిన పని లేదనుకున్నారు. ఇంకెవరికీ అది కనిపించలేదు, అయినా ఆ మాట పుస్తకాల్లో దశాబ్దాల పాటు నిలిచింది. కనబడని దాని కన్నా కనబడిందని చెప్పుకున్నదే ఎక్కువ నష్టం చేసింది.

దాన్ని కదిలించింది రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో జరిగిన ప్రయోగం. నీల్ హామిల్టన్ ఫెయిర్లీ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సైనికుల్ని మలేరియా దోమలతో కుట్టించి, వేర్వేరు సమయాల్లో వాళ్ల రక్తం తీసి ఇంకొకరికి ఎక్కించాడు. కుట్టిన అరగంట లోపు తీసిన రక్తం ఎక్కిస్తే రెండోవాళ్లకి మలేరియా వచ్చింది. అరగంట దాటాక తీసిన రక్తంతో రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. దాదాపు వారం గడిచాక తీసిన రక్తంతో మళ్లీ వచ్చింది. (ఇవాళ అయితే ఏ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు.) సూక్ష్మదర్శిని చూపించలేని దాన్ని ఈ అంకగణితం చూపించేసింది. అరగంటలో రక్తం నుంచి వెళ్లిపోయింది, వారానికి తిరిగొచ్చింది. అంటే ఎక్కడో బస చేసింది.

ఎక్కడన్నది 1948లో తేలింది. లండన్‌లో హెన్రీ షార్ట్, సిరిల్ గార్న్‌హామ్ ఒక కోతిని వందలాది మలేరియా దోమలతో కుట్టించి, వారం తర్వాత దాని కాలేయాన్ని సన్నటి పొరలుగా కోసి చూశారు. కాలేయ కణాల్లో పరాన్నజీవి ఒకటి వేలుగా విడిపోతూ కనిపించింది. అదే ఏడాది మనిషి కాలేయంలోనూ చూశారు. అర్ధశతాబ్దం పాటు వెతికిన పైపు అది.

ఈ హెన్రీ షార్ట్ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ పేరు మనకి అంతకుముందే తెలుసు. 1930ల్లో ఆయన మద్రాసులో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరు. అప్పటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో జనం వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, నడుము వంగిపోయి బతుకుతున్నారు. ఇవాళ అదంతా ప్రకాశం పరిసరాలు. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ ఊళ్ల గురించి రాసిన వ్యాసాలే మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుకి తొలి వైద్య రికార్డులు. కారణం తాగే బావినీళ్లలోని ఫ్లోరైడు.

ఇక్కడ పైపు మనిషి ఎముకే. ఫ్లోరైడుకి రంగు లేదు, వాసన లేదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని మన దేశపు ప్రమాణం. అంతకు రెండింతలున్న నీళ్లూ తియ్యగానే ఉంటాయి. ఒంట్లోకి వెళ్లిన దానిలో కొంత మూత్రంతో పోతుంది, కొంత ఎముకలో చేరుతుంది. ఏళ్ల తరబడి చేరుతుంది. నొప్పి మొదలయ్యేసరికి ఎముకలో పదేళ్ల, ఇరవయ్యేళ్ల నీళ్లుంటాయి. మంచినీళ్లు తెచ్చి ఇచ్చినా ఎముక తాను దాచుకున్నదాన్ని అంత తొందరగా వదలదు. పళ్ల సంగతి ఇంకా విచిత్రం. మూడేళ్ల పిల్లకి చిగురు కింద శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. అప్పుడు తాగిన నీళ్ల గుర్తులు ఏడో ఏట, ఎనిమిదో ఏట, పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాక గోధుమరంగు చారలై కనిపిస్తాయి. అప్పుడు నీళ్లు మార్చి ఆ పళ్లని తెల్లబరచలేం. అందుకే ఊరి నీళ్లు ఎలా ఉన్నాయో తెలియాలంటే రెండో తరగతి పిల్లల్ని నవ్వమంటే చాలంటారు, కానీ ఆ నవ్వు చెప్పేది నాలుగేళ్ల కిందటి నీళ్ల గురించి. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి మన జిల్లా ఒకదాని పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్. ఒక జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాలకి ఎక్కిన తీరు ఇది.

ఆలస్యం ఎప్పుడూ మన శత్రువే అనుకోనక్కర్లేదు. పిచ్చికుక్క కరిచినప్పుడు రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకి పాకుతూ వెళ్తుంది. దానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. మెదడుకి చేరితే చికిత్స లేదు. చేరేలోపు ఒంటికి పోరాటం నేర్పే వ్యవధి మాత్రం ఉంది. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి కరిచాక టీకా వేశాడు. కరిచాక వేసే టీకా అన్న వింతకి అర్థం ఆ ఆలస్యంలోనే ఉంది. మా చిన్నప్పుడు కుక్క కరిచిందంటే "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అని భయపెట్టేవాళ్లు. అది నిజమైన లెక్కే. మన దేశంలో 2004 దాకా తయారైన ఆ పాత టీకాని రోజుకొకటి చొప్పున పొట్టమీదే పొడిచేవారు. అది వైరస్‌తో పరుగుపందెం. పందెంలో మనకి నెల రోజుల ముందంజ ఉంది కాబట్టే అది గెలవగలిగే పందెం.

గోడలో ఉన్నదాన్ని గోడ పగలగొట్టకుండా తెలుసుకోవడం ఎలా అన్నది ఇంజనీర్ల ప్రశ్న. 1960లో రుడాల్ఫ్ కల్మన్ దానికి ఒక పద్ధతి చెప్పాడు. మన వైద్యులు నాడి పట్టుకుని లోపలి సంగతి చెప్పేవాళ్లే, అయితే కల్మన్ దాన్ని లెక్కలోకి దించాడు. ముందు లోపల ఏముందో ఒక ఊహ వేసుకో. ఆ ఊహ ప్రకారం బయట ఏం కనబడాలో లెక్కకట్టు. కనబడినదానితో పోల్చు. తేడా ఉంటే ఊహని సవరించు, కానీ మొత్తంగా కాదు. కొలిచే పరికరం మీద ఎంత నమ్మకముందో, ఊహ మీద ఎంత నమ్మకముందో చూసుకుని ఆ వాటా మేరకు సవరించు. ఆ తర్వాత మళ్లీ మొదలు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలు తామెక్కడున్నామో ఇలాగే తెలుసుకున్నాయి. కల్మన్ అడిగిన అంతకన్నా గడుసు ప్రశ్న ఇంకొకటుంది. బయట కనబడేవాటిని ఎంతకాలం చూసినా లోపలి స్థితి ఎప్పటికీ తెలియని వ్యవస్థలు ఉంటాయా? ఉంటాయి. ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అన్నది ముందే తేల్చే సూత్రం కూడా ఆయనే ఇచ్చాడు.

2014 సెప్టెంబరు 24 ఉదయం మంగళయాన్ అంగారకుడి దగ్గరికి చేరింది. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన నౌక అది. అప్పటికి దాని దూరం సుమారు 22 కోట్ల కిలోమీటర్లు, కాంతివేగంతో వచ్చే కబురుకి పన్నెండు నిమిషాల పైనే పడుతుంది. ఇంజను 24 నిమిషాలు మండాలి. బెంగళూరులో కూర్చుని మా బావగారిలా "తగ్గించు, పెంచు" అనే వీలు లేదు. పన్నెండు నిమిషాల పాత కబురు విని, పన్నెండు నిమిషాల తర్వాత చేరే ఆజ్ఞ ఇవ్వడంలో అర్థం లేదు. పైగా కొంతసేపు నౌక గ్రహం చాటుకి వెళ్లిపోయింది. అందుకే ఆజ్ఞలన్నీ పదిరోజుల ముందే నౌకలోకి ఎక్కించేశారు. దాదాపు పది నెలలు మండకుండా ఉన్న ఇంజను పనిచేస్తుందో లేదో చూడటానికి రెండు రోజుల ముందు నాలుగు సెకన్లు వెలిగించి చూశారు. ఆ ఉదయం ఇస్రో చెయ్యగలిగింది అక్క చెప్పిందే. తిప్పేశారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మళ్లీ భూమి మీదికి వస్తే, మన కాళ్ల కిందే ఒక పెద్ద పైపు ఉంది, భూగర్భజలం. అనంతపురం జిల్లాలో బోరు వేసేవాడికి బండ కింద ఎంత నీరుందో తెలియదు. మోటారు వేస్తే నీళ్లు వస్తున్నాయి, రావడం ఆగిపోతే లేవు. వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఎక్కడ తవ్వాలో రాశాడంటే, కనబడే గుర్తుల నుంచి కనబడని నీటిని ఊహించడం ఎంత పాత తాపత్రయమో చూడండి. మన రాతినేలల్లో వానకాలం నీళ్లు పగుళ్ల వెంట మెల్లగా ఇంకుతాయి. మే నెలలో అడుగంటిన మట్టం, వానలు వెనకబట్టాక నవంబరు ప్రాంతంలో గరిష్ఠానికి వస్తుంది. సరిగ్గా అప్పుడే రబీ పంట నిర్ణయాలు. బావిలో నీళ్లు నిండుగా కనబడతాయి. వరి వేద్దామనిపిస్తుంది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక ప్రయత్నం మొదలైంది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ. రైతులే వానమాపకం చూసి రోజూ రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి బావుల్లోకి, బోర్లలోకి టేపు దించి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా ఒకచోట కూర్చుని, ఇంత వాన పడింది, ఇంత ఇంకి ఉంటుంది, వరి ఇన్ని ఎకరాలైతే ఇంత తాగుతుంది, వేరుశనగైతే ఇంత అని నీటి పద్దు రాసి గోడకి అంటించారు. ఎవరూ ఎవరినీ ఏ పంటా వేయొద్దనలేదు. పద్దులో లోటు కనబడిన ఊళ్లలో చాలామంది తమంతట తామే నీళ్లెక్కువ తాగే పంటలు తగ్గించుకున్నారు. ఊహించు, కొలువు, సవరించు. ఆ రైతులు కల్మన్ పేరు విని ఉండరు, కానీ ఆ గోడమీద పద్దులో ఆయన చెప్పింది చాలావరకు ఉంది.

మలేరియా కథ ఇంకా పూర్తికాలేదు. 1948లో కాలేయం సంగతి తేలాక కూడా వైవాక్స్ అనే రకం మలేరియాలో ఒక చిక్కు మిగిలే ఉంది. జ్వరం తగ్గి, రక్తం శుభ్రమై, ఏ దోమా కుట్టకుండానే కొన్ని వారాలకో నెలలకో అదే జ్వరం తిరగబెడుతుంది. మన ఉష్ణప్రాంతాల్లో ఇది వారాల్లోనే వస్తుంది. కొరియా వంటి చలిప్రాంతాల రకంలో ఎనిమిది, పది నెలలు పడుతుంది. అక్కడ దోమలు వేసవిలోనే ఉంటాయి కదా, ఒక వేసవి నుంచి ఇంకో వేసవికి దాటడానికే పరాన్నజీవి ఆ నిద్రని నేర్చుకుందని శాస్త్రవేత్తల ఊహ. కాలేయంలో నిద్రపోయే రూపం ఒకటి ఉండాలని లెక్క చెబుతోంది. 1978లో మైల్స్ మార్కస్ దానికి హిప్నోజోయిట్ అని పేరు కూడా పెట్టేశాడు. గ్రీకులో హిప్నోస్ అంటే నిద్ర. అప్పటికి దాన్ని ఎవరూ చూడలేదు.

1980లో వొయిచెక్ క్రోటోస్కీ, ఆయన బృందం కోతి కాలేయంలో రంగువెలుగులిచ్చే ప్రతిరక్షకాలు వాడి దాన్ని చూశారు. ఒకేసారి లోపలికి దిగినవాటిలో కొన్ని వెంటనే పెరుగుతున్నాయి, కొన్ని చిన్న చుక్కల్లా కదలకుండా పడి ఉన్నాయి. ఆ వ్యాసం రాసినవాళ్లలో సిరిల్ గార్న్‌హామ్ పేరు కూడా ఉంది. అంతకు 32 ఏళ్ల ముందు అలాంటి కాలేయపు పొరలనే చూసిన మనిషి. హెన్రీ షార్ట్‌కి అప్పటికి తొంభై దాటాయి. 1987లో నూరేళ్లు నిండాక పోయారు.

రక్తంలో ఉన్నవాటికి క్లోరోక్విన్ మూడు రోజులు. కాలేయంలో నిద్రపోతున్నవాటికి ప్రిమాక్విన్ పద్నాలుగు రోజులు. జి6పీడీ అనే ఎంజైము లోపమున్న వాళ్లకి ప్రిమాక్విన్ ప్రమాదం కాబట్టి వైద్యుడు చూసి ఇవ్వాల్సిన మందు అది. కానీ మూడో రోజుకే జ్వరం పోతుంది, ఆకలేస్తుంది, మిగతా పదకొండు రోజులు మింగేది ఏ జబ్బుకో ఒంటికి తెలియదు. హాస్టల్లో ఉన్నప్పుడు నాకు ఈ జ్వరమే వచ్చింది. ఐదు రోజులు శ్రద్ధగా మింగాను. ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి. ఏడు వారాలకి దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లే బస్సులో, నంద్యాల దాటాక, మిట్టమధ్యాహ్నం ఎండలో వణుకు మొదలైంది. అమ్మ బ్యాగు విప్పి బట్టలు తీస్తుంటే అడుగున రేకు దొరికింది. అందులో తొమ్మిది మాత్రలు అలాగే ఉన్నాయి.